దోర్నకల్ పెద్ద గుడి, దుమ్ముగూడెం మిషను: ఈ చరిత్రలో మనోళ్లు ఎక్కడున్నరు?

పోస్ట్ పొడుగైంది, పరీక్షలు అయిపోయినోళ్లు తీరిగ్గా చదవండి.

దోర్నకల్ అంటే మనలో చాలామందికి జంక్షన్ ఒక్కటే తెలుసు. మణుగూరు, భద్రాచలం రోడ్ నుంచి వచ్చే బండి అక్కడ మెయిన్ లైనుకు కలుస్తది, కాసేపు ఆగుతది, మనం చాయ్ తాగుతం, అంతే. అదే ఊర్లో ఒక పెద్ద చర్చి ఉంది, పేరు ఎపిఫనీ కెథడ్రల్. ఇంగ్లండు సంఘం, అంటే ఆంగ్లికన్ సంఘం, ఈ దేశంలో మొట్టమొదట ఒక భారతీయుడిని బిషప్ చేసి ఈ ఊరికే పంపింది. అది 1912లో. మద్రాసు, కలకత్తా, బొంబాయి ఇవేవీ కాకుండా నిజాం రాజ్యంలో ఒక మూలన ఉన్న దోర్నకల్‌కి ఎందుకు వచ్చిండు? నేను బీఏ హిస్టరీ తీసుకున్నంక నన్ను బాగా తొలిచిన ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతుకుతా పోతే మన గోదావరి ఒడ్డు, మన కోయ భాష కూడా అందులో దొరికినయి. అందుకే రాస్తున్నా.

ముందు రైలు సంగతి చెప్పాలి, ఎందుకంటే రైలు లేకుండా దోర్నకల్ లేదు. 1870ల మొదట్లో జియాలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు తీసుకుంది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. ఈ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయింది. సింగరేణి అనేది కారేపల్లి దగ్గర ఒక ఊరు పేరు అని మన సీనియర్లలో కూడా కొందరికి తెల్వదు. ఆ బొగ్గు బయటికి పోవాలంటే రైలు కావాలి. సికింద్రాబాద్ నుంచి బెజవాడ పోయే నిజాం లైను, గనులకు పోయే లైను కలిసే చోటే దోర్నకల్. అంటే మన అడవి కింద బొగ్గు ఉండబట్టే ఆ ఊరు జంక్షన్ అయింది, జంక్షన్ అయింది కాబట్టే బయటినుంచి వచ్చేవాళ్లకు అది దిగే చోటు అయింది. గుడి చరిత్ర గుడితోనే మొదలుపెడితే ఈ ముక్క కనబడదు.

ఇక ఆ మనిషి. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తమిళ దేశం తిరునల్వేలి జిల్లాలో వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. నాడార్ కులం. తండ్రి పల్లెటూరి ఆంగ్లికన్ గురువు, కొడుకు చిన్నప్పుడే చనిపోయాడు, తల్లే పెంచింది. నాడార్లంటే ఇప్పుడు వ్యాపారాలు, కాలేజీలు గుర్తొస్తాయి గానీ అప్పట్లో వాళ్లది తాళ్లెక్కే కులం అని గుడి మెట్లు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. గుడి ప్రవేశం గొడవ మీదే 1899లో శివకాశిలో పెద్ద అల్లర్లు జరిగినయి. అజరయ్యకు అప్పుడు పాతికేళ్లు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివాడు కానీ డిగ్రీ చేతికి రాలేదు. తర్వాత వైఎంసీఏలో కార్యదర్శిగా 1895 నుంచి 1909 దాకా దేశమంతా తిరిగాడు.

1903లో తిరునల్వేలిలో వాళ్లు ఒక మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. ఇందులో విశేషం ఏందంటే డబ్బు వాళ్లదే, మనుషులూ వాళ్లే. తెల్లవాళ్ల నిధి కాదు. అప్పటిదాకా మిషను అంటే సముద్రం అవతలి నుంచి వచ్చేది. ఇక్కడ తమిళ పల్లెల్లో పేద క్రైస్తవులు చందాలు వేసుకొని, మన మానుకోట వైపు, భాష కూడా రాని తెలుగు ప్రాంతానికి మనుషుల్ని పంపారు. మానుకోట అంటే ఇప్పటి మహబూబాబాద్. 1909లో అజరయ్య గురువుగా అభిషేకం తీసుకొని తానే దోర్నకల్ వచ్చేశాడు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద ఊర్లు తిరిగాడు.

మరుసటి ఏడు, 1910లో, స్కాట్లండు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల పెద్ద సభ జరిగింది. అక్కడికి వచ్చినోళ్లలో ఆసియా వాళ్లు చాలా తక్కువ. అజరయ్య లేచి తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పాడు: మీరు మా కోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, సరే, కానీ మాతో సమానంగా కూర్చుని స్నేహం చేయలేకపోతున్నారు అని దాని సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. మనకైతే ఈ మాట ఎక్కడో తగులుతది. హాస్టళ్లు కట్టిస్తరు, దుప్పట్లు ఇస్తరు, ఫోటోలు దిగుతరు, కానీ ఎదురుగా కుర్చీ వేసి కూర్చోమనేవాళ్లు ఎంతమంది? ఆయన 116 ఏళ్ల కింద అడిగింది అదే.

1912 డిసెంబరు 29న కలకత్తాలో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనను బిషప్‌గా ప్రతిష్ఠించారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గట్టిగా నిలబడి చేయించిన పని అది. ఊరికే జరగలేదు. ఒక నల్ల మనిషి కింద ఎట్లా పనిచేస్తం అని కొందరు మిషనరీలు, తమిళుడు మాకెందుకు అని కొందరు తెలుగు క్రైస్తవులు, నాడార్ కదా అని పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు, ఇట్లా అన్ని వైపుల నుంచి ఎదురొచ్చారు. యేసు దగ్గరికి పోయినా కులం సంచిలోనే ఉంటది అని మా సారు ఒకాయన నవ్వుతా అంటడు. ఇంకొక మాట నా సొంత అభిప్రాయం: దోర్నకల్‌ను ఎంచుకోవడంలో ఉపాయం ఉంది. అది చిన్న డయాసిస్, బ్రిటిషు ఇండియా బయట నిజాం నేల, ఆయన కిందికి వచ్చే తెల్లవాళ్లు తక్కువ. అట్లయితే గొడవ తక్కువ. కానీ 1920కల్లా కృష్ణా వైపు తెలుగు జిల్లాలను కూడా కలిపి ఆ డయాసిస్‌ను పెంచాల్సి వచ్చింది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది కూడా ఆ 1920లోనే. చేతికి బీఏ రాని మనిషికి!

మరి గుడికి ఎవరు వచ్చారు? మాలలు, మాదిగలు. ఒక్కొక్కరుగా కాదు, వాడలు వాడలుగా వచ్చారు. నిజాం పల్లెల్లో వెట్టి ఎట్లా ఉండేదో మనం పుస్తకాల్లో చదివినం. దొర పిలిస్తే పోవాలి, కూలి అడగొద్దు, చెప్పులు విడిచి నడవాలి. అట్లాంటి చోట ఒకాయన వచ్చి మీ వాడలో బడి పెడతా, మీ పిల్లకు అక్షరం చెప్తా, మీ ఇంట్లో కూర్చుంటా అంటే జనం ఎందుకు రారు? దేవుడి మీద నమ్మకం ఒక్కటే కారణం అని చర్చి వాళ్లు అంటరు, గోధుమపిండి కోసం అని ఇంకొందరు అంటరు. రెండూ ఆ జనాన్ని తక్కువ చేసే మాటలే అని నాకనిపిస్తది. మనిషిగా నిలబడాలని వచ్చినోళ్లు వాళ్లు.

అజరయ్య నాలుగు దయ్యాల మీద యుద్ధం అనేవాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. పల్లెకొక ఉపదేశకుడు, ఆయనే పంతులు, ఆయన భార్య కూడా పనిలో భాగమే. భర్తకే కాదు, భార్యకూ శిక్షణ ఇచ్చేవాళ్లు. అజరయ్య భార్య అన్బు తిరునల్వేలి వైపు కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. బాప్తిస్మం తీసుకునే ప్రతి ఒక్కరి చేత తల మీద చెయ్యి పెట్టించి, ఈ వార్త ఇంకొకరికి చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాళ్లు. అంటే నిన్న చేరినోడు ఇయ్యాల ప్రచారకుడు. అంత తొందరగా ఎందుకు పెరిగిందో దీన్నిబట్టి అర్థమైతది.

తాగుడు దయ్యం దగ్గర మాత్రం నేను ఒక మాట కలుపుతా. మన ఏజెన్సీలో సారా, కల్లు ఉత్త అలవాటు కాదు, అది సర్కారుకు ఆదాయం. 1879లో రంప తిరుగుబాటు లేచిందే కల్లు పన్ను మీద, కాంట్రాక్టర్ల జులుం మీద. అది మన రేకపల్లి దాకా పాకింది. సొంత చెట్టు కల్లు తాగడానికి పన్ను కట్టమన్న సర్కారు దయ్యం కాదా? మిషను రాతల్లో తాగేవాడి తప్పు ఎక్కువ కనిపిస్తది, అమ్మించే వాడిది తక్కువ.

ఇప్పుడు కట్టడం గురించి. కెథడ్రల్ చాలా ఏళ్లు కట్టారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ వచ్చి బాలయేసును దర్శించుకున్న పండుగ ఎపిఫనీ, అది జనవరి 6నే. యూదులు కాని వాళ్లకు, బయటి జాతుల వాళ్లకు దేవుడు కనపడ్డ రోజు అని దాని భావం. ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో ఆలోచిస్తే బాగుంటది. ఇంగ్లండు చర్చిల లాగా సూది మొన గోపురం కట్టలేదు. స్తంభాలు మన గుళ్ల మండపాల తీరు, పైన గుమ్మటాలు మసీదుల తీరు. నిజాం రాజ్యంలో కనిపించే అన్ని కట్టడాల పోలికలు కలిపి కట్టించాడు. నేను పోయినసారి బండి లేటయితే నడుచుకుంటా పోయి చూసొచ్చిన. లోపల చల్లగా ఉంది. చెప్పులు బయట విడిచిన. వరంగల్ వేయిస్తంభాల గుడి చూసిన కళ్లకు అది పరాయిగా అనిపించలేదు. ఆవరణలోనే అజరయ్య సమాధి ఉంది. 1945 జనవరి 1న ఆయన ఇక్కడే చనిపోయాడు.

బయటి ఆకారం మార్చినంత మాత్రాన లోపలంతా మారిందని కాదు. ప్రార్థన పుస్తకం, అంగీలు, పదవుల పేర్లు ఇంగ్లండువే. ఆయన తర్వాత దోర్నకల్ బిషప్ ఎవరయ్యారో తెలుసా? ఎలియట్ అనే తెల్లాయన. 1945లో! స్వాతంత్ర్యం గుమ్మం ముందర ఉండగా. మొదటి భారతీయ బిషప్ కుర్చీలో మళ్లీ తెల్లాయన కూర్చున్నాడన్నది ఆ చరిత్ర గొప్పగా చెప్పేవాళ్లు తొందరగా దాటేసే ముక్క. ఇంకోవైపు, 1919లో తరంగంబాడిలో వేర్వేరు చర్చిల నాయకులను కూర్చోబెట్టి అందరం ఒకటవుదాం అని అజరయ్య మొదలుపెట్టిన పని 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా, తేలింది. చూడ్డానికి ఆయన లేడు. అప్పటినుంచి దోర్నకల్ ఆంగ్లికన్ చర్చి కాదు, సీఎస్ఐ చర్చి.

సరే, మనోళ్లు ఎక్కడ? దీనికోసం దోర్నకల్ వదిలి గోదావరి ఎక్కాలి. అజరయ్య పుట్టక ముందే దుమ్ముగూడెంలో ఆంగ్లికన్ మిషను ఉంది. చర్చ్ మిషనరీ సొసైటీ దానికి కోయ మిషను అనే పేరు పెట్టుకుంది. అంటే మన పేరు మీదే. ఎట్లా వచ్చిందంటే, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినంక ఆర్థర్ కాటన్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. గోదావరి మీద పడవలు పైదాకా, మధ్య ఇండియా పత్తి ప్రాంతం దాకా నడపాలి. నది మధ్యలో రాళ్ల అడ్డంకులు మూడు ఉన్నయి, మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టే పనిలో హేగ్ అనే ఇంజనీరు ఉన్నాడు. ఆయన భక్తిపరుడు, చుట్టూ కోయ గూడేలు చూసి వీళ్లకు ఒక మిషనరీని పంపమని సొసైటీకి రాశాడు. పడవల పథకం 1871లో మూలపడింది. డబ్బు బోలెడు పోయింది. పథకం పోయినా మిషను మిగిలింది. దోర్నకల్‌కు బొగ్గు రైలు, దుమ్ముగూడేనికి పత్తి పడవ. రెండు చోట్లా దేవుడి కన్నా ముందు వ్యాపారం దారి వేసింది.

ఆ మిషనులో చాలా ఏళ్లు ఉన్న జాన్ కెయిన్ అనే పాదిరి గురించి మనం తెలుసుకోవాలి. 1870లలో ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వరసగా రాశాడు. మన గట్టులు, మన పెళ్లిళ్లు, చావు దినాలు, వేల్పులు, పంటలు, షావుకార్ల మోసాలు. తర్వాత 1909లో థర్‌స్టన్ దక్షిణ ఇండియా కులాలు తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేసినప్పుడు కోయల అధ్యాయంలో కెయిన్ రాతలే చాలా వాడుకున్నాడు. ఇయ్యాల యూనివర్సిటీలో కోయల మీద ఎవరు పీహెచ్‌డీ చేసినా ఆ కెయిన్ నుంచే మొదలుపెడతరు. అంటే దాదాపు 150 ఏళ్ల కింద మన తాతల గురించి రాసి ఉంచింది ఒక పాదిరి. ఆయన కళ్లద్దాలు ఆయనవే, కొన్నిచోట్ల మనల్ని తాగుబోతులు, అమాయకులు అని రాసేస్తడు, చదువుతుంటే ఒళ్లు మండుతది. అయినా ఆ వివరం ఇంకెక్కడా లేదు. సువార్త భాగాలను కోయ భాషలోకి మార్చింది కూడా ఈ మిషను కాలంలోనే. కోయకు లిపి లేదు, భాషే కాదు అది అని మనల్ని ఎక్కిరించేవాళ్లకు చెప్పండి, 19వ శతాబ్దంలోనే మన భాష అచ్చులోకి ఎక్కింది అని.

అయినా కోయ మిషను పేరు మోసినంతగా కోయలు క్రైస్తవులు కాలేదు. ఎందుకని? నాకు తోచింది చెప్తా. మాల మాదిగ వాడలకు ఊరి దేవుడి గుడి తలుపు మూసి ఉంది, మనకు ఆ తలుపుతో పనే లేదు. మన వేల్పులు మన దగ్గరే ఉన్నరు, మన పూజారి మన ఇంటోడే, సమ్మక్క సారలమ్మ మన ఆడబిడ్డలు. ఎవరి గుడి ముందు మనం చేతులు కట్టుకొని నిలబడలేదు. తండాల్లో లంబాడా అన్నలకు సేవాలాల్ ఉన్నట్టే. అంటరానితనం నుంచి బయటపడే దారి అని గుడి కనిపించినోళ్లకు ఒక ఆకలి ఉంది, మనకున్న ఆకలి వేరే. మనది భూమి, అడవి. రిజర్వు ఫారెస్టు గీత గీసి పోడు కొట్టొద్దన్నప్పుడు పాదిరి ఆ గీత చెరపలేడు కదా. బడి విషయంలో మాత్రం నాకు బాధ ఉంది. దోర్నకల్ చుట్టుపక్కల వాడల్లో వందేళ్ల కిందే అక్షరం పడ్డది. మా గూడెంలో పది దాటి చదివినోళ్లు లేరు, కాలేజీకి పోయింది మా ఇంట్లో నేనే మొదలు.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. మా హాస్టల్‌లో నా పక్క మంచం అతను దోర్నకల్ వైపు పిల్లగాడు. ముత్తాత కాలంలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. వాళ్ల పెదనాన్న వాళ్లు ఎస్సీ, వీళ్లు బీసీ-సీ. ఇల్లు అదే వాడ, గోడ అదే, అంటరానితనం అదే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు అయితేనే ఎస్సీ. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. మన రాష్ట్రాల్లో వాళ్లకు బీసీ-సీ కింద ఒక్క శాతం ఉంది. 1936, 37లో గాంధీ హరిజన్ పత్రికలో దోర్నకల్ మతమార్పిళ్లను తప్పుపట్టాడు, అజరయ్య తన పని వదల్లేదు. అదే అజరయ్య 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నాడు, మేం ఒక మూలకు పోం అన్నాడు. ఆ మాట అన్నాయన మనుమల కాలానికి ఒక్క శాతం మూల మిగిలింది.

మన ఎస్టీ సంగతి వేరు. 1950 షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం ఊసే లేదు. సమ్మక్కను మొక్కినా, యేసును మొక్కినా, ఎవరినీ మొక్కకపోయినా కోయ కోయే, లంబాడా లంబాడానే. ఇప్పుడు డీలిస్టింగ్ పేరుతో, చర్చికి పోయే ఆదివాసులను జాబితా నుంచి తీసెయ్యాలి అని అడిగేవాళ్లు తయారయ్యారు. మన గూడేల్లోనే అన్నదమ్ముల మధ్య ఈ మాట మీద కొట్లాటలు వస్తున్నయి. నేను చర్చికి పోను, మా ఇంట్లో వేల్పుల కొలుపే. అయినా నా పక్క మంచం అతని కాగితం చూసినంక, మతాన్ని బట్టి జాబితా గీసే కత్తి ఎట్లా కోస్తదో నాకు అర్థమైంది. ఇయ్యాల చర్చికి పోయే మన తమ్ముడిని తీసేస్తే, రేపు అడవి వదిలి టౌన్లో ఉన్నడని నన్ను తీసెయ్యరా? పోయిన ఏడు ఆచారం మార్చుకున్నరని ఇంకొకరిని? ఈ విషయంలో మనలో మనకు వేరే అభిప్రాయాలు ఉంటయి, మర్యాదగా చెప్పుకుందాం, తిట్టుకోవద్దు.

ఒక పని చేయొచ్చు అనిపిస్తుంది. దుమ్ముగూడెం, పర్ణశాల, చర్ల వైపు నుంచి మన గ్రూపులో పది మందికి పైనే ఉన్నరు. సెలవుల్లో పోయినప్పుడు అక్కడి పాత మిషను జాగాలు, సమాధులు ఉంటే వాటి మీది రాతలు ఫోటో తీయండి. ఆనకట్ట రాళ్లు మోసిన ముచ్చట, పాదిరి బడి ముచ్చట మీ ముసలోళ్లు తమ తాతల నోట విని ఉంటే కోయలోనే ఫోన్‌లో రికార్డు చేయండి, తెలుగులోకి మార్చి అడగొద్దు, వాళ్ల మాటల్లోనే రానివ్వండి. కెయిన్ రాసిన వ్యాసాలు పాతవి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఊరికే దొరుకుతయి. నేను రెండు దించుకున్న. ఇంగ్లీషు కష్టంగా ఉంది, రోజుకో పేజీ తెలుగు చేస్తున్న. గట్టుల పేర్లు ఆయన ఇంగ్లీషు స్పెల్లింగులో రాస్తే కొన్ని ఏ గట్టో తేలట్లేదు. ఆ పేజీ రేపు పెడతా, పెద్దలను అడిగి ఏది ఏదో చెప్పండి.